మాట వెనుక కథ: రేవు

ఏట్లోకి, చెరువులోకి మనిషి దిగే చోటు రేవు. కన్నడంలోనూ ఈ మాట ఇలాగే ఉంది. ముందు చేరే మాట అక్కడి పని చెబుతుంది: స్నానాల రేవు, పడవల రేవు, చాకిరేవు. సముద్రపు ఒడ్డుకు వస్తే ఓడరేవు. చీరాల దగ్గర అదే ఊరి పేరైంది. నీళ్లు లేని చోటా మాట ఆగలేదు. ఎవరినైనా తిట్టి దులిపేస్తే ‘చాకిరేవు పెట్టాడు’ అంటాం.

జగిత్యాల జిల్లా వెల్గటూర్ మండలంలో పెద్దవాగు గోదావరిలో కలిసే చోట ఉన్న కోటిలింగాల అలాంటి రేవు ఊరే. శాతవాహన రాజు సిముకుడి నాణేలు, గోబద, నారన వంటి స్థానిక రాజుల నాణేలు దొరికిన ఊరది. కోటేశ్వరస్వామి గుడికి వచ్చినవాళ్లు నదిలో మునకేసి, పడవెక్కి ఎల్లంపల్లి జలాశయపు నీళ్లను చూస్తారు.

ఐర్లండ్ దక్షిణ తీరాన చూడచక్కని కోవ్ కూడా రేవు ఊరే. చిన్న అఖాతానికి ఇంగ్లిష్‌లో ఉన్న పేరే ఐరిష్ అక్షరక్రమంలో ఊరి పేరైంది. క్వీన్స్‌టౌన్‌గా పిలిచిన రోజుల్లో, 1912 ఏప్రిల్ 11న, టైటానిక్ చివరిసారి ఆగింది అక్కడే.

2015 గోదావరి పుష్కరాలకు మన బోర్డుల మీద మాత్రం ‘ఘాట్’ అనే రాశారు. రేవు అన్నా యాత్రికులకు దారి తెలిసేదే.