కారు ఇంజిన్ బ్రీదర్ పైపు: ఏది వేయించుకోవాలి, ఏది వద్దు

కారు సర్వీసింగుకి ఇచ్చినప్పుడు ఆయిలు, ఫిల్టర్లు, బ్రేకులు గుర్తుపెట్టుకుని చూపించుకుంటాం. ఇంజిన్ మీది నుంచి గాలి గొట్టంలోకి వెళ్లే చిన్న రబ్బరు పైపును మాత్రం ఎవరూ అడగరు. షెడ్డుల్లో దాన్ని బ్రీదర్ పైపు అంటారు, కంపెనీ పుస్తకాల్లో పీసీవీ హోస్ అని రాస్తారు. అది చిట్లితే చేతికి దొరికిన పైపు ముక్క కోసి తగిలించడం మామూలు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ఈ పైపుకి సైజు కుదిరితే చాలదు, రబ్బరు రకం కూడా కుదరాలి.

దీని పని ఏమిటి?

పిస్టన్ రింగులు ఎంత బాగున్నా, సిలిండర్‌లో మండిన వాయువు కొంత కిందికి, ఆయిలు ఉండే క్రాంక్‌కేసులోకి జారుతుంది. మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అనేది దీన్నే. ఆ వాయువులో ఇంధనం ఆవిరి, నీటి ఆవిరి కలిసి ఉంటాయి. బయటికి దారి లేకపోతే ఒత్తిడి పెరిగి సీళ్ల దగ్గర ఆయిలు కారుతుంది, ఆయిలు తొందరగా చెడిపోతుంది.

పాతకాలం ఇంజిన్లలో ఈ పొగను రోడ్డు మీదికే వదిలేవారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1961 మోడళ్ల నుంచి దాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపి కాల్చే పద్ధతి వచ్చింది. ఇప్పటి పెట్రోలు కార్లన్నీ అదే పద్ధతిలో నడుస్తాయి.

సాధారణంగా పెట్రోలు కారులో ఇలాంటి పైపులు రెండుంటాయి. ఒకటి పీసీవీ వాల్వు నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డుకి పోతుంది, దీంట్లో గట్టి వాక్యూమ్ ఉంటుంది. రెండోది ఎయిర్ ఫిల్టరు తర్వాతి గొట్టం నుంచి శుభ్రమైన గాలిని ఇంజిన్‌కి తెస్తుంది. టర్బో డీజిల్లో పైపు టర్బో ముందున్న గొట్టంలో కలుస్తుంది.

మన ప్రాంతంలో ఎందుకు జాగ్రత్త?

మొదటిది ఎండ. రెంటచింతలలో వేసవికి 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. బానెట్ కింద వేడి దానికంటే చాలా ఎక్కువ. ఆ వేడికి రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది.

రెండోది దుమ్ము. పిడుగురాళ్ల సున్నం బట్టీలు, మాచర్ల, దాచేపల్లి వైపు నాపరాయి క్వారీలు ఉన్న దారుల్లో రోజూ తిరిగే బండ్లకి ఇది పెద్ద సమస్య. ఈ పైపులు ఎయిర్ ఫిల్టరు దాటాక కలుస్తాయి కాబట్టి, పగులు పడితే ఫిల్టరు కాని గాలి నేరుగా లోపలికి పోతుంది. రాతి పొడి రింగుల్ని, సిలిండర్ గోడల్ని అరగదీస్తుంది. చిన్న పైపు దగ్గర మిగిల్చిన డబ్బు ఇంజిన్ పనికి పోతుంది.

ఏ రబ్బరు?

• రేడియేటర్ పైపు ముక్క: వద్దు. నీళ్ల పైపులకి ఎక్కువగా వాడే ఈపీడీఎం రబ్బరు వేడికి ఆగుతుంది గానీ ఆయిలు తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది.
• పారదర్శకంగా ఉండే పీవీసీ పైపు: వద్దు. వేడికి మెత్తబడి వాక్యూమ్‌కి నొక్కుకుపోతుంది, చల్లారాక బిరుసెక్కుతుంది.
• రంగురంగుల మామూలు సిలికాన్ పైపు: వేడికి బాగుంటుంది, కానీ ఆయిలు ఆవిరి దాన్లోంచి ఊరుతుంది. లోపల ఫ్లోరో పొర ఉన్నదైతే పర్లేదు.
• నైట్రైల్ రబ్బరు: ఆయిలుకి తట్టుకుంటుంది. సుమారు 100 డిగ్రీల వరకు సరిపోతుంది. ఎస్‌ఏఈ 30 ఆర్ 7 అని ముద్ర ఉన్న, లోపల నూలు అల్లిక ఉన్న ఇంధన పైపుల్లో చాలావాటి మీద పీసీవీకి పనికొస్తుందని రాసి ఉంటుంది. చూసి తీసుకోండి.
• టర్బో దగ్గర, ఎగ్జాస్టుకి ఆనుకుని పోయే పైపుకి: అక్రిలిక్ లేదా ఫ్లోరో రబ్బరు కావాలి. ఇక్కడ కంపెనీ పైపే మేలు.

కొనేటప్పుడు

పాత పైపు పట్టుకెళ్లండి. ఉబ్బిపోయిన పైపు కొలత నమ్మొద్దు, అది కూర్చునే నిపుల్‌ని వెర్నియర్‌తో కొలిపించండి. ఒంపు తిరిగిన పైపు స్థానంలో తిన్నటి పైపు వంచి పెడితే మడత పడి దారి మూసుకుపోతుంది. అక్కడ అచ్చు పోసిన ఒరిజినల్ పైపే అడగండి. ప్లాస్టిక్ నిపుల్ మీద స్క్రూ క్లిప్పు అతిగా బిగిస్తే నిపుల్ విరుగుతుంది, స్ప్రింగ్ క్లిప్పు నయం. పైపుతో పాటు వాల్వును కూడా చూపించుకోండి.

పాడైందని ఎలా తెలుస్తుంది?

ఐడ్లింగ్‌లో బండి పైకీ కిందికీ ఊగడం, ఈల శబ్దం, కాలిన ఆయిలు వాసన, చెక్ ఇంజిన్ లైటు దీని గుర్తులు. పెట్రోలు బండి ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిలు మూత తీసి, ఆ నోటి మీద పల్చటి కాగితం ఉంచి చూడొచ్చు. చున్నీ, చేతులు బెల్టుకి దూరంగా ఉండాలి. కాగితం మెల్లగా అతుక్కుంటే మంచిదే. ఎగిరిపోతుంటే పైపో వాల్వో మూసుకుపోయి ఉండాలి, లేదంటే రింగులు అరిగి ఉండాలి. కొత్త పైపు వేశాక కూడా ఎగిరిపోతుంటే కంప్రెషన్ టెస్టు చేయించండి.

పైపు పీకి కిందికి వేలాడదీయడం, నోట్లో బోల్టు కొట్టి మూయడం మాత్రం ఒప్పుకోవద్దు. మొదటిది కాలుష్య నిబంధనలకి విరుద్ధం, రెండోది సీళ్లు చీల్చే పని. దూరం పెళ్లికో, దర్గాకో ఇంటిల్లిపాదీ బయల్దేరే ముందు టైర్లలో గాలి చూపించుకునేటప్పుడే బానెట్ ఎత్తి ఈ పైపును ఒకసారి నొక్కి చూడండి. గట్టిగా పెళుసుగా ఉన్నా, జిగటగా మెత్తబడి ఉన్నా మార్చేయాల్సిందే.