నాన్న అట్లాస్ సైకిల్: ఊరికి ముక్కలుగా వచ్చింది, నేను అలాగే పంపాల్సింది

ఈ ఎపిసోడ్ నేను చేసిన తప్పుతో మొదలుపెడతా.

హైదరాబాద్‌లో రూమ్ తీసుకున్నాక, జంగారెడ్డిగూడెంలో మా వసారాలో ఉన్న నాన్న సైకిల్ తెప్పించుకుందాం అనుకున్నా. నల్ల అట్లాస్, 1984లో కొన్నది. ముందు చక్రం ఊడదీసి పక్కన కట్టేసి, ఫ్రేముకి నాలుగు అట్టముక్కలు చుట్టి, లారీ ట్రాన్స్‌పోర్ట్‌లో వేసేశా. మూడో రోజు దిగింది. చూస్తే ఫోర్కు రెండు కాళ్ళూ లోపలికి నొక్కుకుపోయాయి. చక్రం ఎక్కనే ఎక్కదు. నాన్నకి ఫోన్ చేస్తే తిట్టలేదు. "అది మన ఊరికి ముక్కలుగా వచ్చిందిరా. నువ్వెలా పంపావు?" అన్నారు అంతే.

ముక్కలుగా రావడం ఏంటి అనుకున్నా. అసలు కథ అక్కడే ఉంది.

బ్రిటిష్ వాళ్ళ కాలంలో మనకి సైకిళ్ళు ఇంగ్లండ్ నుంచి ఓడల్లో వచ్చేవి. నాటింగ్‌హామ్ నుంచి ర్యాలీ, బర్మింగ్‌హామ్ నుంచి బీఎస్ఏ, హెర్క్యులెస్. స్వాతంత్ర్యం వచ్చాక ఇక్కడే ఫ్యాక్టరీలు లేచాయి. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనేపట్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో. హీరో మొదటి ఏడాది చేసింది 639 సైకిళ్ళే. 1986కి ప్రపంచంలోనే ఎక్కువ సైకిళ్ళు చేసే కంపెనీ అని గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది.

మరి పంజాబ్ నుంచి, హర్యానా నుంచి మన మెట్ట ఊళ్ళకి సైకిల్ ఎలా వచ్చేది? నిలబెట్టిన సైకిల్ అంటే సగం ఖాళీ చోటే కదా. అందుకే విడిభాగాలుగా పంపేవాళ్ళు: ఫ్రేములు ఒక కట్ట, రిమ్ములు ఒకదానిమీద ఒకటి, పుల్లలూ నట్లూ పెట్టెల్లో. రైలు ఏలూరు, తాడేపల్లిగూడెం దాకే. కొవ్వూరు–భద్రాచలం లైను గురించి మా తాతల నుంచి వింటున్నాం, జంగారెడ్డిగూడెంలో స్టేషన్ మాత్రం ఇంకా చూళ్ళేదు. కాబట్టి అక్కణ్ణుంచి లారీయే గతి.

ఊళ్ళో సైకిల్ షాపు మేస్త్రి ఆ ముక్కల్ని సైకిల్ చేసేవాడు. నాన్న డబ్బు కట్టిన రోజు పొద్దుగూకేదాకా షాపు ముందు బల్ల మీదే కూర్చున్నారట. హబ్బు నుంచి రిమ్ముకి ఒక్కో పుల్లా అల్లడం, చక్రం తిప్పుతూ బెండు తీయడం, సుత్తితో కాటర్ పిన్ను దిగ్గొట్టడం, అన్నీ కళ్ళారా చూశారు. సైకిల్ ప్యాకింగ్ అంటే ఆ మేస్త్రి పనిని తిరగేసి చేయడమే. చక్రాల పుల్లలదాకా విప్పక్కర్లేదు లెండి.

ముందు పెడల్స్. ఇక్కడే చాలామంది మరలు పాడుచేస్తారు. కుడి పెడల్ మామూలు మర, ఎడమది ఎదురు మర. తొక్కుతుంటే దానంతటది ఊడిపోకుండా ఆ ఏర్పాటు. విమానం చేసిన రైట్ సోదరులది ముందు సైకిల్ షాపే, వాళ్ళు కూడా తమ సైకిళ్ళకి ఇదే పెట్టారు. గుర్తు ఏంటంటే, పానా పిడి పైకి ఉండేలా పెట్టి వెనక చక్రం వైపు లాగండి. రెండూ ఊడొస్తాయి.

తర్వాత హ్యాండిల్. కేబుల్ బ్రేకుల సైకిలైతే స్టెమ్ వదులు చేసి ఫ్రేముకి సమాంతరంగా తిప్పితే చాలు. నాన్న సైకిల్‌కి రాడ్ బ్రేకులు, ముందు రాడ్లు విప్పకపోతే అవే వంగుతాయి.

ఇప్పుడు నా తప్పు. ముందు చక్రం తీసేశాక ఫోర్కు మధ్య ఏమీ మిగలదు. పైన ఒక బియ్యం బస్తా పడినా కాళ్ళు దగ్గరకి వచ్చేస్తాయి. హబ్బు ఎంత వెడల్పో అంత చెక్కముక్క కోసి, ఆ కాళ్ళ మధ్య బిగించి తాడుతో కట్టాలి. చక్రం ఇరుసు కొసలకి మందపాటి అట్ట తొడగాలి, లేకపోతే పెట్టెని పొడుచుకుని బయటికొస్తాయి. చక్రాన్ని చైన్ లేని ఎడమ పక్కన కట్టండి. టైర్లలో గాలి కొంచెం తగ్గించండి, మొత్తం తీయొద్దు, రిమ్ముకి దెబ్బ తగులుతుంది.

పైన చుట్టడానికి సైకిల్ షాపులో ఖాళీ అట్టపెట్టె అడిగి చూడండి. రైల్వే పార్సిల్ అయితే గోనె. ఏలూరులో జూట్ మిల్లే పెట్టారు, గోనె మన జిల్లాకి కొత్త కాదు. పార్సిల్ ఆఫీసు బయట దబ్బనం, పురికొసతో కూర్చునేవాళ్ళు పది నిమిషాల్లో కుట్టేస్తారు. లోపలేం చేయాలో మాత్రం మనమే చూసుకోవాలి. పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ పైన ఒకటి, లోపల ఒకటి.

మూట కట్టేముందు ఫోటోలు తీయండి. ఎందుకంటే మళ్ళీ రైట్ సోదరుల దగ్గరికే వెళ్ళాలి. 1907లో వాళ్ళ విమానాన్ని పెట్టెల్లో ఫ్రాన్స్ పంపారు. లె హావ్ర్ రేవు కస్టమ్స్‌లో ఏడాది పడి ఉంది. 1908 జూన్‌లో లె మాన్‌లో విల్బర్ పెట్టెలు తెరిస్తే, రెక్కల బద్దలు విరిగి, రేడియేటర్లు నలిగి ఉన్నాయి. ప్యాక్ చేసింది తమ్ముడు ఆర్విల్ కదా, అతన్ని దులిపేస్తూ ఉత్తరం రాశాడు. తర్వాత తేలిందేంటంటే, పెట్టెలు విప్పి అడ్డదిడ్డంగా మళ్ళీ కుక్కింది కస్టమ్స్ వాళ్ళు. పాపం ఆర్విల్. విల్బర్ వారాల తరబడి బాగుచేసుకుని ఆగస్టు 8న ఎగిరి చూపించాడు.

నా దగ్గరైతే ఫోటో లేదు, పైగా తప్పూ నాదే. అట్లాస్ సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని 2020 జూన్ 3న ఆగిపోయింది, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజు. పాత ఫోర్కు కోసం నాలుగు షాపులు తిరిగితే సరిపోయేది ఒకటి దొరికింది, రంగు కలవలేదు.

పోయిన నెల రూమ్ ఖాళీ చేస్తూ సైకిల్‌ని తిరిగి ఊరికి పంపా, ఈసారి చెక్కముక్క పెట్టి. నాన్న విప్పి చూసి ఫోన్ చేశారు. సైకిల్ ఎలా ఉందో చెప్పలేదు. "ఈ చెక్క ఏ చెట్టుదిరా, గట్టిగా ఉంది, దాచి పెడుతున్నా" అన్నారు.