యుద్ధభూమినుండి వచ్చిన జాబులు – ఒక్క యింట రెండు పక్షములు

రాజుల వంశావళియు, యుద్ధముల తేదీలును మాత్రమే చరిత్ర కాదని మేము చిరకాలము బాలురకు బోధించి యుంటిమి. సామాన్యసైనికుడు తల్లికి వ్రాయించిన జాబును చరిత్రయే. కాని దానిని చదువు విధము తెలియవలెను.

1914 సెప్టెంబరున మన దేశపు సేనలు ఫ్రాన్సునందలి మార్సేల్సు రేవున దిగినవి. హైదరాబాదు కంటింజెంటునుండి పుట్టిన డెక్కన్ హార్సు అశ్వదళము 1916 జూలై 14న సోమ్ యుద్ధమున హైవుడ్ యొద్ద పోరాడెను. నిజాము ప్రభువుల లాన్సర్లు ఈజిప్టు, పాలస్తీనాలకు బోయిరి. ఫ్రాన్సునందలి మనవారి జాబులు బులోన్ పట్టణమున దొరలు విప్పి చదివినపిమ్మటనే స్వదేశమునకు వచ్చెడివి. వ్రాయుటకు లేఖకుడు, ఇంటియొద్ద చదువుటకు మఱియొకడు. నడుమ సర్కారువారి కన్ను. అందుచే సైనికులు మర్మభాష కల్పించుకొనిరి. నల్లమిర్చి యనిన మనవారు, ఎఱ్ఱమిర్చి యనిన తెల్లవారు. కావున జాబున రాజభక్తి కానవచ్చినంతనే అదియే వాని హృదయమని నిర్ణయింపరాదు.

మన నగరముననే యొక కుటుంబమును జూడుడు. హైదరాబాదు కళాశాలకు ప్రథమాధ్యక్షులైన అఘోరనాథ చట్టోపాధ్యాయులవారి కుమార్తె సరోజినీదేవి, మూసీ వఱదబాధితులకు జేసిన సేవకై సర్కారువారి కైసరె హింద్ పతకము నందినది. 1915లో, పరదేశములందు మడిసిన భారతసైనికులనుగూర్చి యాంగ్లమున కవిత వ్రాసినది. ఆ కాలముననే ఆమె సోదరుడు వీరేంద్రనాథుడు బెర్లినునందు ఆంగ్లప్రభుత్వమును కూలద్రోయ యత్నించు భారతీయసమితికి నాయకుడు. ఆ సమితివారు జర్మనులకు బందీలైన మన సైనికులను తమ పక్షమునకు ద్రిప్ప బ్రయత్నించిరి. సోదరి యెవరికై కన్నీరు విడిచెనో, సోదరు డట్టివారినే తిరుగబడుమనెను!

ఇందెవరు దేశద్రోహి? 1919 నాటి జలియన్‌వాలాబాగు దురంతముపిమ్మట సరోజినీదేవి యా పతకమును తిరిగి యిచ్చివేసి, 1947లో సంయుక్తరాష్ట్రమునకు గవర్నరయ్యెను. వీరేంద్రనాథుడు మరల స్వదేశము జూడక, 1937లో సోవియట్ ప్రభుత్వముచే మరణశిక్ష నందెను. మార్గములు వేఱైనను ఇరువురి వేదనయు నొక్కటియే యని మా యభిప్రాయము.

మా యింటి మాటయు జెప్పవలసియున్నది. మా పితామహులు నిజాము సర్కారు కొలువున నుండగా, వారి తమ్ములు 1947లో స్టేటు కాంగ్రెసు సత్యాగ్రహమున జెఱకేగిరి. చెఱనుండి వచ్చిన జాబులను పెద్దలు భయముచే పొయ్యిలో వేసిరి. అన్నగారి కొలువుపత్రములు నేటికిని పెట్టెలో నున్నవి. తమ్ముని యక్షర మొక్కటియు లేదు. ఆ కారణమున మా వంశచరిత్ర సగమే.

కాన అశోక్ నగర్, చిక్కడపల్లి, నారాయణగూడలందలి మన సంఘీయులకు మా విన్నపము. మీ పాతపెట్టెలలో జాబులున్నచో, వ్రాసినవా డే పక్షమువాడైనను, పాఱవేయకుడు. ఆ చేవ్రాలు చదువగల వృద్ధులుండగనే ప్రతి వ్రాసికొనుడు. తీర్పు తరువాతివారు చెప్పుకొందురు. సాక్ష్యమును నిలుపుట మన విధి.