విచారణ మందిరంలో టెలివిజన్ కెమెరా

1951 మార్చి 13వ తేదీన న్యూయార్కు నగరంలో, ఫోలీ స్క్వేరులోని ఫెడరల్ న్యాయస్థాన భవనంలో, ఫ్రాంక్ కాస్టెల్లో అనే వ్యక్తి సాక్షిగా వచ్చి కూర్చున్నాడు. జూదపు యంత్రాల వ్యాపారంలో పేరుమోసినవాడు. నగర రాజకీయాలలో అతని మాట చెల్లుతుందని అందరికీ తెలుసును గాని, అతనిని కళ్ళారా చూచినవారు బహు కొద్దిమంది. ప్రశ్నలు వేస్తున్నది అమెరికా సెనేట్ నియమించిన ప్రత్యేక విచారణ సంఘం. టెన్నెసీ రాష్ట్రపు సెనేటరు ఎస్టెస్ కెఫావర్ దానికి అధ్యక్షుడు. సాక్షి ముఖాన్ని టెలివిజన్‌లో చూపరాదని అతని న్యాయవాది అభ్యంతరం చెప్పినాడు. సంఘం ఒప్పుకొన్నది. అయితే ప్రసారం ఆగలేదు. కెమెరాను కొంచెం క్రిందికి దించి అతని చేతులను చూపినారు.

ఆ చేతులు చేతిరుమాలును నలిపినవి. కాగితపు ముక్కలను చింపినవి. బల్లపై వ్రేళ్ళతో తాళం వేసినవి. తలలేని ఆ మనిషి బొంగురు గొంతు మాత్రం వినవచ్చేది. దేశం మొత్తం మీద సుమారు 3 కోట్ల మంది ఆ విచారణలను చూచి ఉంటారని ఆనాడు అంచనా వేసినారు. ముఖం దాచమన్న కోరిక ముఖం కంటె ఎక్కువ మాట్లాడే బొమ్మను తెచ్చిపెట్టినది! చూచినవారిలో చాలామంది అతడు దోషి అని ఆ చేతులను బట్టే నిశ్చయించుకొన్నారు. నిజానికి, పెద్ద దీపాల వెలుతురులో సెనేటర్ల ఎదుట కూర్చున్నప్పుడు ఏ నేరమూ చేయనివాడైనా రుమాలు నలపవచ్చును. ప్రభుత్వ విచారణలను ప్రజలకు చూపాలా అన్న ప్రశ్నతోపాటు, వాటిలో ఏ భాగాన్ని, ఎవరి చేతిమీదుగా చూపాలి అన్న చిక్కు కూడ ఆ రోజునే బయటపడినది.

ఈ ప్రసారానికి ముందు రెండు సాంకేతిక అవరోధాలు దాటవలసి వచ్చినది. మొదటిది వెలుతురు. తొలికాలపు కెమెరా నాళికలకు విపరీతమైన వెలుగు కావాలి. స్టూడియో దీపాల వేడికి నటులు చెమటలు కక్కేవారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆర్.సి.ఎ. సంస్థ శాస్త్రజ్ఞులు తయారుచేసిన ‘ఇమేజ్ ఆర్థికాన్’ అనే నాళిక ఈ బాధను చాలవరకు తగ్గించినది. కాంతి సోకగానే ఎలక్ట్రానులను విడిచే పొర ఒకటి దానిలో ముందువైపున ఉంటుంది. విడువబడిన ఎలక్ట్రానులు పలుచని గాజు పలకను తాకి, దానిపై దృశ్యాన్ని విద్యుదావేశాల రూపంలో ముద్రిస్తాయి. వెనుకనుండి మరియొక ఎలక్ట్రాను కిరణం ఆ పలకను వరుసవరుసగా తడిమి తిరిగి వస్తుంది. తిరిగివచ్చే కిరణంలోని హెచ్చుతగ్గులను నాళికలోనే అనేక రెట్లు పెంచుతారు. అందువలన న్యాయస్థానపు గది వంటి చోట, కొన్ని దీపాలు అదనంగా పెట్టుకొంటే చాలు, చిత్రం తీయడం సాధ్యమైనది. ఆ కొన్ని దీపాలే తరువాత పెద్ద వివాదానికి కారణమైనవి.

రెండవ అవరోధం దూరం. ఒక టెలిఫోను సంభాషణకు సెకనుకు సుమారు 4 వేల కంపనాల మేర చాలును. టెలివిజన్ చిత్రానికి దాదాపు 40 లక్షలు కావాలి, అనగా వేయి రెట్లు. మామూలు టెలిఫోను తీగ దానిని మోయలేదు. ఒక గొట్టం నడుమ తీగను అమర్చిన ‘కోయాక్సియల్’ కేబులు 1946లో న్యూయార్కును వాషింగ్టనుతో కలిపినది. 1950లో మైక్రోవేవ్ స్తంభాల వరుస చికాగో వరకు పోయినది. పడమటి తీరం దాకా ఆ వరుస పూర్తయి ప్రసారం మొదలైనది 1951 సెప్టెంబరులోనే. కనుక కాస్టెల్లో చేతులను అదే క్షణంలో చూచినవారు తూర్పు, మధ్య రాష్ట్రాలవారు మాత్రమే.

అంతకు పూర్వమూ ఇటువంటి ప్రసారాలు లేకపోలేదు. 1947 జనవరిలో కాంగ్రెసు ప్రారంభ సమావేశాన్ని, అదే సంవత్సరం నవంబరులో యూరపు పునరుద్ధరణ పథకంపై జార్జి మార్షల్ సాక్ష్యాన్ని టెలివిజన్‌లో చూపినారు. కాని చూడడానికి పెట్టెలేవీ? 1950 నాటికి కూడ నూటికి 9 ఇళ్ళలోనే టెలివిజన్ ఉండేది. మరుసటి సంవత్సరానికి అది రెట్టింపుకు మించినది. పైగా పగటివేళ టెలివిజన్ కేంద్రాలకు చూపడానికి ఏమీ ఉండేది కాదు. ఖాళీగా పడిఉన్న ఆ గంటలే కెఫావర్ సంఘానికి దారి యిచ్చినవి. ప్రజాహితమొక్కటే కారణమనుకొంటే చరిత్రను మరీ మెత్తగా చదివినట్లవుతుంది.

సాక్షులందరూ కాస్టెల్లో వలె సగం రాజీకి ఒప్పుకోలేదు. సెంట్ లూయిస్ నగరంలో జేమ్స్ కారల్ అనే పందేల వ్యాపారి కెమెరాలున్నంతవరకు నోరు విప్పనని లేచి వెళ్ళిపోయినాడు. క్లీవ్‌లాండుకు చెందిన మోరిస్ క్లైన్‌మన్, లూయీ రాత్‌కాఫ్ అనే ఇద్దరు కూడ దీపాల ముందు జవాబు చెప్పమన్నారు. సెనేటును ధిక్కరించినారని ఆ ఇద్దరిపై కేసు నడిచినది. 1952లో వాషింగ్టనులోని జిల్లా న్యాయమూర్తి వారిని విడిచిపెట్టినాడు. దీపాలు, కెమెరాలు, చప్పుళ్ళు, జనసమ్మర్దం నడుమ సాక్షి నిదానంగా ఆలోచించి సరియైన జవాబు చెప్పడం కష్టమనీ, అట్టి పరిస్థితులలో మౌనం వహించడం నేరం కాదనీ ఆయన తీర్పు సారాంశం. వీరేమీ సత్పురుషులు కారు. అయినా హక్కుల సంగతి తేలేది తరచు ఇటువంటి వారి కేసులలోనే. అదే సంవత్సరం ప్రతినిధి సభాధ్యక్షుడు శాం రేబర్న్, తన సభా సంఘాల విచారణలలోనికి టెలివిజన్‌ను రానివ్వనని శాసించినాడు. నడుమ రెండేండ్లు ఎదుటిపక్షం అధికారంలోనికి వచ్చి సడలించినా, ఆ సభలో సంఘాల తలుపులు కెమెరాకు నియమపూర్వకంగా తెరచుకొన్నది 1970 నాటి చట్టంతోనే. సెనేటు మాత్రం ఇష్టమున్న సంఘాన్ని ఇష్టమున్నట్లు చేయనిచ్చినది.

అట్లు చేయనిచ్చినందువలననే 1954లో గొప్ప ఘట్టం జరిగినది. విస్కాన్సిన్ సెనేటరు జోసెఫ్ మెకార్తీ అప్పటికి నాలుగేండ్లుగా ప్రభుత్వంలో కమ్యూనిస్టులున్నారని ఆరోపణలు చేస్తూ ఎందరో ఉద్యోగులను హడలగొట్టినాడు. తన సహాయకుడొకనికి సైన్యంలో ప్రత్యేక సౌకర్యాలకోసం ఆయన, ఆయన న్యాయవాది రాయ్ కోన్ వత్తిడి తెచ్చినారని సైన్యం ఆరోపించినది. తన విచారణను ఆపడానికి సైన్యం ఆ సహాయకుణ్ణి తాకట్టుగా వాడుకొంటున్నదని మెకార్తీ ఎదురు ఆరోపించినాడు. ఏప్రిల్ 22 నుండి జూన్ 17 వరకు, 36 దినాలపాటు, సెనేట్ ఉపసంఘం ఎదుట ఈ తగవు నడిచినది. అప్పటికి సగానికి పైగా ఇళ్ళలో టెలివిజన్ ఉన్నది. పగటి నాటకాలతో డబ్బు గడిస్తున్న సి.బి.ఎస్. రాత్రివేళ సంగ్రహం మాత్రమే చూపినది, ఎన్.బి.సి. ప్రారంభించిన కొద్ది దినాలకే విరమించుకొన్నది. పగటి కార్యక్రమాలు లేని ఎ.బి.సి., డూమాంట్ అనే బలహీన సంస్థలే మొదటినుండి చివరివరకు, సుమారు 188 గంటలు, విడువకుండా చూపినవి.

ఆ 188 గంటలలో చెప్పుకోదగిన సంఘటనలు రెండు. మొదటిది ఒక ఛాయాచిత్రం. సైనిక కార్యదర్శి రాబర్ట్ స్టీవెన్స్, మెకార్తీ సహాయకుడు, ఇద్దరే చిరునవ్వుతో నిలిచిఉన్న చిత్రమొకటి సాక్ష్యంగా వచ్చినది. ఇంత స్నేహంగా ఉన్నవాడు వత్తిడికి లోనైనాడనడం అబద్ధం కాదా అని భావం. మరునాడే సైన్యం తరఫు న్యాయవాది జోసెఫ్ వెల్చ్ అసలు చిత్రాన్ని బయటపెట్టినాడు. అందులో ఒక కర్నలు కూడ ఉన్నాడు. ప్రక్కభాగాన్ని కత్తిరించి ఆయనను తీసివేసినారు. కెమెరా ముందు నడుస్తున్న విచారణలోనే, అంచు కత్తిరిస్తే బొమ్మ ఎట్లు అబద్ధమాడుతుందో కోట్ల మందికి పాఠం చెప్పినట్లయినది. కాస్టెల్లో చేతుల బొమ్మకు కూడ అంచులు ఉన్నవని ఎంతమంది తలచినారో!

రెండవది జూన్ 9న జరిగినది. వెల్చ్ కార్యాలయంలోని ఒక యువ న్యాయవాదిపై, ఈ తగవుతో ఏ సంబంధమూ లేని వానిపై, మెకార్తీ హఠాత్తుగా కమ్యూనిస్టు ముద్ర వేయబోయినాడు. వెల్చ్ ఆ క్షణంలో గొంతు పెంచలేదు. మర్యాద అనేది మీలో ఏ కొంచెమూ మిగలలేదా అని అడిగి, ఇక ఈ విషయం మాట్లాడనన్నాడు. గదిలోని జనం చప్పట్లు కొట్టినారు. మెకార్తీ ఏమి జరిగిందో తెలియనివాని వలె చేతులు చాచి అటూ ఇటూ చూచినాడు. వార్తాపత్రికలో అచ్చయిన ప్రశ్న జవాబులు చదివితే ఆ చూపు కనిపించదు.

టెలివిజనే మెకార్తీని పడగొట్టినదని తరువాత అనేకులు వ్రాసినారు. అది కొంత అతిశయోక్తి. గాలప్ సంస్థ లెక్కలలో జనవరిలో నూటికి 50 మంది ఆయనను మెచ్చుకోగా, జూన్ నాటికి 34 మందే మిగిలినారు. ఆ తరుగుదల విచారణలకు ముందే ఆరంభమైనది. మార్చి 9న ఎడ్వర్డ్ మరో చేసిన కార్యక్రమం ఒక కారణం; అధ్యక్షుడైన ఐసెన్‌హోవరు పక్షం ఆయనకు దూరమగుట మరియొకటి. డిసెంబరులో సెనేటు 67–22 ఓట్లతో ఆయనను అభిశంసించినది. కెమెరా చేసినదేమనగా, ఒక మనిషి పద్ధతిని ముప్పదియారు దినాలు తెగకుండా చూపినది. ఒక్క నిమిషంలో ఉరిమే ఆరోపణ బలంగా కనిపిస్తుంది; అదే ఉరుమును రోజూ వింటే అలవాటై, దాని వెనుక మేఘం లేదని తెలుస్తుంది. సంగ్రహం చూచినవారికంటె పూర్తిగా చూచినవారికి ఈ తేడా బాగా తెలిసి ఉంటుంది.

అయితే పూర్తిగా చూపడం ఖర్చుతో కూడిన పని. 1966 ఫిబ్రవరిలో వియత్నాం యుద్ధంపై సెనేట్ విదేశాంగ సంఘం ఎదుట జార్జి కెన్నన్ సాక్ష్యమిస్తూండగా, సి.బి.ఎస్. దానిని కాదని పాత హాస్య నాటకాన్ని తిరిగి వేసినది. ఆ సంస్థ వార్తావిభాగాధ్యక్షుడు ఫ్రెడ్ ఫ్రెండ్లీ రాజీనామా యిచ్చినాడు. 1973లో వాటర్‌గేట్ విచారణలకు మూడు పెద్ద సంస్థలు వంతులు వేసుకొన్నవి. ప్రభుత్వ సహాయంతో నడిచే పి.బి.ఎస్. ప్రతి రాత్రి మొత్తాన్ని తిరిగి చూపేది. అధ్యక్షుని కార్యాలయంలో సంభాషణలను రికార్డుచేసే యంత్రాలున్నవని జూలై 16న బయటపడినది ఆ ప్రసారంలోనే.

అంతవరకు విచారణ సంఘాల మాట. ప్రతినిధి సభ తన సొంత చర్చలను ప్రజలకు చూపనిచ్చినది 1979 మార్చి 19న. ఉపగ్రహం నుండి కేబులు సంస్థలకు అందించే సి-స్పాన్ ఆ దినమే పుట్టినది. సభ ఒక నియమం పెట్టినది: కెమెరాలు సభవే, నడిపేవారు సభ ఉద్యోగులే, చూపేది మాట్లాడేవారినే. దీనిలోని కీలకం అయిదేండ్లకు తెలిసినది. రోజు కార్యక్రమం ముగిసిన తరువాత న్యూట్ గింగ్రిచ్, ఆయన మిత్రులు లేచి ఎదుటిపక్షాన్ని సవాలు చేస్తూ ప్రసంగించేవారు. జవాబు చెప్పేవారు లేకపోవడం చూచి, వారికి జవాబు లేదని ప్రేక్షకులు అనుకొనేవారు. నిజానికి సభలో ఎవరూ లేరు. 1984 మే 10న సభాధ్యక్షుడు టిప్ ఓనీల్, ముందు చెప్పకుండానే, కెమెరాను సభ చుట్టూ త్రిప్పమన్నాడు. ఖాళీ కుర్చీలు కనిపించినవి. గొడవ చెలరేగి, కొన్ని దినాల తరువాత సభలో ఓనీల్ అన్న మాటలనే నియమవిరుద్ధమని ప్రకటించవలసి వచ్చినది. ఖాళీ కుర్చీలను చూపడం తప్పా, దాచడం తప్పా అనేది ఈనాటికీ తేలలేదు. 2023 జనవరిలో సభాధ్యక్షుని ఎన్నిక 15 సార్లు ఓటింగు జరిగేవరకు తెమలలేదు. సభ నియమాలు ఇంకా ఏర్పడలేదు గనుక ఆ దినాలలో సి-స్పాన్ కెమెరాలు స్వేచ్ఛగా తిరిగి, సభ్యుల గుసగుసలను, వాదులాటలను చూపినవి. నియమాలు రాగానే కెమెరా మరల వక్త ముఖం మీదికి పోయినది.

భారత పార్లమెంటు 1989 డిసెంబరులో రాష్ట్రపతి ప్రసంగంతో ఈ మార్గంలో అడుగుపెట్టినది. 1994 డిసెంబరు నుండి రెండు సభల ప్రశ్నోత్తరాల సమయాన్ని వారం విడిచి వారం ప్రత్యక్షంగా చూపసాగినారు. 2006 జూలైలో లోక్‌సభ సొంత ఛానెలు నెలకొన్నది. 2021లో రెండు సభల ఛానెళ్ళు కలిసి సంసద్ టీవీ అయినవి. ఇక్కడ కూడ సభలో కెమెరా సభ అధీనంలోనిదే. కాని అమెరికా పద్ధతికి ఒక పెద్ద భేదమున్నది: పార్లమెంటు సంఘాల సమావేశాలు నియమాల ప్రకారం రహస్యంగా జరుగుతాయి. సాక్షుల వాంగ్మూలం కెమెరాకు అందదు. అక్కడ చేతులు నలిపేవారు ఉన్నా చూచేవారు లేరు. దీనివలన సభ్యులు పక్షభేదాలు మరచి పనిచేస్తారని కొందరు, ప్రజలకు తెలియవలసినది తెలియదని కొందరు అంటారు. రెండూ కొట్టివేయదగినవి కావు.

సభలోని కెమెరా ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్న తెలుగువారికి 2014 ఫిబ్రవరి 18న ప్రత్యక్షంగా ఎదురైనది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు ఆ మధ్యాహ్నం లోక్‌సభలో చర్చకు వచ్చినది. అయిదు దినాల క్రితం, బిల్లు ప్రవేశపెట్టినప్పుడు, సభలో మిరియపు ద్రావకం చల్లడం దేశమంతా చూచినది. ఈసారి చర్చ మొదలైన వేళ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయినది. సాంకేతిక లోపమని అధికారవర్గాలు చెప్పినవి. కావాలనే ఆపినారని ప్రతిపక్షాలవారు ఆరోపించినారు. బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గినది. రాష్ట్రం కావాలన్నవారూ, వద్దన్నవారూ టెలివిజన్ల ఎదుట కూర్చుండి, తమ రాష్ట్రం రెండుగా విడిపోయిన సంగతిని వార్తా ఛానెళ్ళలో, సభ వెలుపలికి వచ్చిన సభ్యుల నోట విన్నారు. ఎవరు ఏమి మాట్లాడినారో లోక్‌సభ చర్చల అచ్చుప్రతిలో చదువుకోవచ్చును.