సూరి భగవంతం: అణువుల కదలికలను లెక్కగట్టిన శాస్త్రవేత్త

హోసూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, బెంగళూరులో ఉన్న భారతీయ విజ్ఞాన సంస్థను ఈ ప్రాంత ప్రజలు ‘టాటా ఇన్‌స్టిట్యూట్’ అనే పేరుతో ఎరుగుదురు. 1957 నుండి 1962 వరకు ఆ సంస్థకు డైరెక్టరుగా ఉన్నవారు తెలుగువారైన ఆచార్య సూరి భగవంతం. ఆయన నిర్వహించిన పదవులను తలచుకునేవారు నేటికీ ఉన్నారు. ఆయన చేసిన పరిశోధనను ఎరిగినవారు మాత్రం అరుదు.

భగవంతం 1909లో నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తాలో సి.వి.రామన్ వద్ద చేరారు. రామన్ ఫలితం వెలువడిన సంవత్సరమది. కాంతి కణానికి ‘స్పిన్’ అనే గుణం ఉన్నదని తెలిపే ప్రయోగఫలితాలను వారిరువురూ 1931లో ప్రకటించారు. అటుపిమ్మట భగవంతం వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులైనారు.

ఆయన ముఖ్య కృషి అక్కడే సాగింది. అణువులోని పరమాణువులు సదా కంపిస్తూ ఉంటాయి. అణువుపై పడి చెదరిన కాంతిలో, ఆ కంపనాలను అనుసరించి కొత్త రేఖలు కనబడతాయి. ఎన్ని రేఖలు రావాలి? ప్రయోగానికి ముందే దీనికి బదులు చెప్పవచ్చు. అందుకు ఆధారం అణువు సౌష్ఠవం.

వాకిట వేసిన ఆరు రేకుల ముగ్గును 60 డిగ్రీలు తిప్పినా మునుపటివలెనే కనబడుతుంది. బెంజీన్ అణువు కూడా అటువంటిదే. అందులో పరమాణువులు 12. ఒక్కొక్కటి మూడు దిశలలో కదలగలదు గనుక మొత్తం కదలికలు 36. అణువంతా జరగడం, తిరగడం అనే ఆరింటిని తీసివేయగా 30 కంపనాలు మిగులుతాయి. వాటిలో కొన్ని ఒకే పౌనఃపున్యంతో జంటలుగా ఉండుటచేత వేర్వేరు పౌనఃపున్యాలు 20 మాత్రమే. సౌష్ఠవ నియమాల ప్రకారం వాటిలో ఏడు రామన్ వర్ణపటంలో, నాలుగు పరారుణ వర్ణపటంలో కనబడాలి. రెండింటిలోనూ కనబడేది ఒక్కటీ ఉండరాదు. అణువు ఆకారం వేరైతే ఈ లెక్క మారుతుంది. కనుక రేఖలను లెక్కించి ఆకారాన్ని నిర్ణయించవచ్చు. కంటికి కానరాని వస్తువు రూపాన్ని కాగితంపై లెక్కతో పట్టుకోవడం సామాన్యమైన పని కాదు.

ఈ పద్ధతిని స్ఫటికాలకు విస్తరింపజేయడంలో ఆయనకు తోడ్పడినవారు టి.వెంకటరాయుడు. స్ఫటికంలో పరమాణువులకు అంతుండదు. అన్నింటినీ లెక్కించడం అసాధ్యం. పదే పదే పునరావృతమయ్యే అతి చిన్న భాగాన్ని తీసుకొని, దానినే ఒక అణువువలె భావిస్తే చాలునని 1939లో వారు చూపారు. కృష్ణగిరి గ్రానైటులో మెరిసే పలుగురాయినే తీసుకుంటే, అట్టి భాగంలో మూడు సిలికాన్, ఆరు ఆక్సిజన్ పరమాణువులుంటాయి. ఎంత పెద్ద బండ అయినా లెక్క 27 కదలికలతో ముగుస్తుంది. ఈ విషయమై వారిరువురూ కలిసి ఆంగ్లంలో రచించిన గ్రంథం 1948లో వాల్తేరు నుండే వెలువడింది.

తరువాతి కాలమంతా పాలనా బాధ్యతలలో గడిచింది: 1952 నుండి 1957 వరకు ఉస్మానియా ఉపకులపతి, పిదప బెంగళూరు, 1961 నుండి 1969 వరకు రక్షణమంత్రికి వైజ్ఞానిక సలహాదారు. అంతటి పని ఒత్తిడిలోనూ స్ఫటిక సౌష్ఠవంపై మరొక గ్రంథాన్ని 1966లో ప్రకటించడం విశేషం. 1989లో ఆయన మరణించారు.

స్ఫటికాల కంపనాలను లెక్కించే ఆ విధానాన్ని శాస్త్రగ్రంథాలు నేటికీ ‘భగవంతం–వెంకటరాయుడు పద్ధతి’ అనే పేర్కొంటున్నాయి.