హమ్జా కథను ప్రేమించిన పాదుషా

1739వ సంవత్సరమున నాదిర్ షా ఢిల్లీని కొల్లగొట్టి మరలిపోవునప్పుడు నెమలి సింహాసనమును, కోహినూరును వెంట గొనిపోయెనని మనమందరము చదువుకొన్నదే. ఆ కొల్లసొమ్ములో ఒక బొమ్మల పుస్తకము కూడ ఉండెనని తెలిసినవారు తక్కువ. ఓడిపోయిన మహమ్మద్ షా ఆ పుస్తకమును మాత్రము తిరిగి యిమ్మని వేడుకొనెననియు, నాదిర్ షా అందులకు సమ్మతింపలేదనియు ఒక కథనము కలదు. సింహాసనము పోయినవాడు బొమ్మల పుస్తకము నడుగుట వెఱ్ఱితనముగా తోచవచ్చును. కాని ఆ పుస్తకము పుట్టినదే అట్టి వెఱ్ఱి మక్కువ వలన.

దాని పేరు హమ్జానామా. హమ్జా చరిత్రలో నున్న మనుష్యుడే. మహమ్మదు ప్రవక్తకు పినతండ్రి. 625లో ఉహుదు యుద్ధమున నిహతుడయ్యెను. అయితే పారశీక దేశపు కథకులు ఆ పేరును చేకొని, చరిత్రను గడప దగ్గరనే వదలిపెట్టిరి. వారి హమ్జా మూడు కన్నుల గుఱ్ఱము నెక్కును. దేవులను రక్కసులతో పోరాడును. లోకము చివరనున్న కాఫ్ పర్వతమునకు పదునెనిమిది దినములలో వచ్చెదనని చెప్పిపోయి, పదునెనిమిదేండ్లు అచ్చటనే చిక్కుకొనును. ఆతని చెలికాడు అమర్ అయ్యార్ మాయలమారి, వేషధారి, పరమ లోభి. వాని చేసంచిలో ఊళ్లకు ఊళ్లు పట్టును. ఇక తిలిస్మ్ అనునది మాంత్రికుడు కట్టిన మాయాలోకము. దాని కీలు తెలిసినవాడే దానిని ఛేదింపగలడు. కాశీమజిలీ కథలు చదివిన మనవారికి ఈ రుచి కొత్తది కాదు.

పండితులకు మాత్రము ఇట్టి కథలన్నచో చులకన. మొగలు వంశస్థాపకుడైన బాబరు తన ఆత్మకథలో, ఈ హమ్జా కథకు దీటుగా మఱియొక కథ కల్పింపబూనిన ఒక రచయితను ప్రస్తావించి, బుద్ధికి, ప్రకృతికి విరుద్ధమైన అబద్ధముల అల్లికపై ఆతడు జీవితకాలము వ్యర్థము చేసెనని ఈసడించెను. బాబరు గొప్ప రచయిత. కంటితో చూచినదానిని కన్నంతగా వ్రాయుట ఆతని విద్య. ఆతనికిది రుచింపకపోవుట సహజమే. ఆతని మనుమనికే ఆ కథ ప్రాణమయ్యెను.

అక్బరు 1542లో జన్మించి, 1556లో పదమూడేండ్ల ప్రాయమున సింహాసన మెక్కెను. చిన్ననాట చదువు అబ్బలేదు. గ్రంథములను ఇతరులు చదువగా వినుటయే ఆతని విద్యాభ్యాసము. వినికిడిచే నేర్చినవానికి జ్ఞాపకశక్తి మెండు, కథయందు ఆసక్తియు మెండు. ఆతని కొలువున దర్బారుఖాను అను కథకు డుండెను. వాని తండ్రి పారశీక ప్రభువైన షా తహ్మాస్ప్ ఆస్థానమున పనిచేసినవాడు. 1564లో మాళవము వైపు పోవుచు అక్బరు నర్వరు అడవులలో ఏనుగులను పట్టించెను. ఆ శ్రమ ముగిసిన పిమ్మట పాదుషా కూర్చుండి దర్బారుఖానుచేత హమ్జా కథ చెప్పించుకొని వినెనని అబుల్ ఫజల్ అక్బరునామాలో వ్రాసెను. రాజ్యవ్యవహారములను వ్రాయు ఆస్థాన చరిత్రలో ఇట్టి ముచ్చటకు చోటు దొరకుటయే విశేషము. ఆరిఫ్ కందహారీ అను మఱియొక చరిత్రకారుడు ఇంకొక మెట్టు పైకి పోయి, అంతఃపురమున అక్బరు తానే కథకుని తీరున ఈ కథను చెప్పుచుండెనని తెలిపినాడు. వినుటతో తృప్తి తీరక, విన్నదానిని మఱియొకరికి చెప్పిన గాని నిలువలేకపోవుట నిజమైన అభిమాని లక్షణము. ఈ సంగతిని పాదుషావారి కళాపోషణ మనుచు బరువైన మాటతో చరిత్రకారులు చెప్పుదురు. నాకు మాత్రము ఇది ఇరువదేండ్ల యువకుని కథాపిపాసగానే కనబడుచున్నది.

ఆ పిపాసకు చెవులు చాలలేదు; కన్నులు కూడ కావలసివచ్చెను. 1562 ప్రాంతమున హమ్జా కథ నంతటిని బొమ్మలుగా వ్రాయింప నారంభించెను. హుమాయూను పారశీకము నుండి రప్పించిన మీర్ సయ్యద్ అలీ, అబ్దుస్ సమద్ అను చిత్రకారులకు ఆ పని అప్పగింపబడెను. మొత్తము బొమ్మలు 1400. సంపుటములు పండ్రెండని కొందరును, పదునాలుగని కొందరును వ్రాసిరి. ఒక్కొక్క బొమ్మ మూరెడు మించిన పొడవు గలది. ఇంచుమించు 68 సెంటీమీటర్ల ఎత్తు, 52 సెంటీమీటర్ల వెడల్పు. పారశీక గ్రంథములలోని బొమ్మలు ఒడిలో పెట్టుకొని ఒక్కడు చూచుకొనదగినంత చిన్నవి. ఇవి నలుగురు కూర్చుండి చూడదగినవి. బొమ్మను నూలుబట్టపై వ్రాసి, వెనుక కాగితము అంటించి, దానిపై కథను లిఖించిరి. కథ వినిపించుచుండగా బొమ్మను సభకు చూపుటకే ఈ ఏర్పాటని పలువురు పండితుల ఊహ. సిద్దిపేట జిల్లా చేరియాలలో బట్టపై కులపురాణములు వ్రాయు మన నకాషీవారి పటములను ఎరిగినవారికి ఇది సుబోధము. ఆ వృత్తిపేరు కూడ పాదుషా కొలువున చిత్రకారులకు వాడిన మాటకు చుట్టమే.

పని మొదట నత్తనడకగా సాగెను. మీర్ సయ్యద్ అలీ ఏడేండ్లలో నాలుగు సంపుటములు మాత్రమే ముగించి మక్కా యాత్రకు వెడలిపోయెను. సంపుటమునకు నూరు బొమ్మల లెక్కన వారమునకు ఒకటికి కొంచె మెక్కువ. అటుపిమ్మట అబ్దుస్ సమద్ పగ్గములు చేపట్టి, తగ్గిన ఖర్చుతో, హెచ్చిన వేగముతో శేషించినదానిని నడపెను. మొత్తము పదునైదేండ్లు పట్టెను. ఇంతటి పనికి ఇద్దరు పారశీకులు చాలరు గదా! దేశము నలుమూలల నుండి చిత్రకారులను చేర్చుకొనిరి. వారిలో హిందువులు ఎందరో. దస్వంతుడు పల్లకి మోయు బోయీ కొడుకు. గోడలమీద బొమ్మలు గీయుచుండగా అక్బరు కంటబడి అబ్దుస్ సమద్ శిష్యుడయ్యెను. 1584లో మతి చలించి ఆత్మహత్య చేసికొనెను. బసావనుని పేరు ఆతనితో సరిసమానముగా చెప్పుదురు.

ఇట్లు పలుచేతులు కలిసినచోట ఒక కొత్త చిత్రకళ పుట్టెను. పారశీక చిత్రము పట్టుతివాచీ వంటిది. అందు అందరును నెమ్మదిగా, అందముగా నిలుచుందురు. హమ్జానామాలో గాలి వీచును, కెరటములు లేచును, మనుష్యులు కేకలు వేయుదురు. లండనులోని ఒక బొమ్మలో తానే దేవుడనని చెప్పుకొను జుముర్రుద్ షా అను మహాకాయుడు తోటలోని గోతిలో పడి బయటికి రాలేకున్నాడు. తోటమాలులు చుట్టును చేరి వానిని చావగొట్టుచున్నారు. దేవుడనుకొన్నవానికి ఆ దెబ్బలు తినిపించిన చిత్రకారుడు ఎంత నవ్వుకొనియుండునో! బాబరు ఈసడించిన అబద్ధములనుండియే మొగలు చిత్రకళ నడక నేర్చెనన్న మాట.

ఈ నడక ఎచ్చటికి చేర్చెనో చెప్పవలెను. 1582లో అక్బరు మహాభారతమును పారశీకమునకు తర్జుమా చేయింప మొదలిడెను. అనువాదకులలో ఒకడై, ఆ పనిని సణుగుకొనుచు చేసిన బదాయూనీ దీనికి కారణము చెప్పినాడు. హమ్జా కథ మొదలైనవి విని, వ్రాయించిన పిమ్మట, అవి కల్పనలు గదా, ఈ దేశపు ఋషులు వ్రాసిన గ్రంథములను ఏల తెప్పింపరాదని పాదుషాకు తోచెనట. ఆ రజ్మ్‌నామా బొమ్మలలో దస్వంతుని చేయి కలదు. రాక్షసులను, ఆకాశయానములను, అస్త్రములను చిత్రించుట హమ్జా కొలువున అలవడిన చేతులకు కష్టము కాలేదు.

కథ మాత్రము పుస్తకములో బందీగా ఉండిపోలేదు. 1612లో హాజీ కిస్సాఖ్వాన్ హమదానీ అను కథకుడు హమ్జా కథ వ్రాతప్రతులు మూటగట్టుకొని మన హైదరాబాదు చేరెను. కుతుబ్ షాహీ ప్రభువు ఆజ్ఞపై దానికొక సంగ్రహము రచించెను. అదియే జుబ్దతుర్రుమూజ్. పిదప ఉర్దూలో లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయమువారు ఈ కథాసముద్రమును 46 సంపుటములుగా అచ్చొత్తించిరి. ఢిల్లీలో పాతతరపు చివరి కథకుడు మీర్ బాకర్ అలీ 1928లో మరణించెను. 2005లో ఆ కథనవిద్యను కొందరు మరల ఆరంభించిరి.

ఇక బొమ్మలు. 1400లో నేడు మిగిలినవి 200 కంటె తక్కువ. 1873లో వియన్నా ప్రపంచ ప్రదర్శన సమయమున అచ్చటి మ్యూజియమువారు 60 సంపాదించిరి. 1881లో కాస్పర్ పర్డన్ క్లార్క్ అను ఆంగ్లేయుడు లండను మ్యూజియము కొఱకు వస్తువులు సేకరించుచు శ్రీనగరమునకు పోయెను. అచ్చటి ఒక చిన్న పాతవస్తువుల దుకాణమున కిటికీలకు కప్పియున్న గుడ్డలపై ఆతని దృష్టి పడెను. అవి హమ్జానామా పటములు! చలిగాలి రాకుండ అడ్డముగా పెట్టుకొనిరి. ఆతడు కొనిపోయిన ఇరువదికి పైగా పటములలో పెక్కింటిపై ముఖములు తుడిచివేయబడియున్నవి. ప్రాణుల రూపము చిత్రించుట పాపమని తలచినవారెవరో చేసిన పని. కొన్ని ముఖములను తరువాతి వారెవరో తమకు చేతనైనట్లు తిరిగి వ్రాసిరి. చెట్ల ఆకులు, నీటి అలలు, గుఱ్ఱముల జీనులు మాత్రము పాదుషా చూచిన నాటివే.