క్లచ్ దగ్గర తీసిన ఒక్క కిలో



మొన్న మన గ్రూపులో చింతామణి తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, రేసు కార్లకు చేసినట్టు నా కారు ఫ్లైవీల్ కూడా లేత్‌లో చెక్కిస్తే పికప్ పెరుగుతుందా?" ఒక్క మాటలో చెప్పేది కాదు. దీని వెనక మన నేలను తాకే చరిత్ర ఉంది.

ముద్దేనహళ్లి నుంచే మొదలుపెడతాను. మన దేశంలోనే కార్లు తయారు కావాలని విశ్వేశ్వరయ్యగారు 1930లలో పథకం రాశారు. బ్రిటిష్ ప్రభుత్వం సహకరించలేదు. ఆయనతో కలిసి ఆ ప్రయత్నం చేసిన వాల్‌చంద్ హీరాచంద్ 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టారు. ఆ కంపెనీ తర్వాత మనకిచ్చిన బండే ఫియట్ 1100. నాలుగు సిలిండర్లు, 1,089 సీసీ.

ఆ ఫియట్లే షోలవరంలో రేసు కార్లయ్యాయి. మద్రాసు నుంచి నెల్లూరు పోయే దారిలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత రన్‌వే అది. దిగుమతులకు కట్టడి ఉన్న రోజులు. విదేశీ సామాను దొరకడం కష్టం. దిక్కు లేత్ మెషీనే.

ఇంజన్ వెనక ఫ్లైవీల్, దానికి బిగించిన ప్రెషర్ ప్లేటు, మధ్యలో క్లచ్ ప్లేటు ఉంటాయి. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో అరచుట్టుకొకసారి మందు పేలుతుంది. ఆ మధ్య ఊపు ఆగకుండా మోసేది ఫ్లైవీల్ బరువే. మన అవ్వల తిరగలి చూడండి: రాయి బరువుంటే ఒకసారి ఊపందుకుంటే తనే తిరుగుతుంది, కానీ మొదట తిప్పాలంటే భుజం పోతుంది. రేసువాడికి ఆ మొదటి కష్టమే శత్రువు.

లెక్క చూద్దాం. కేంద్రం నుంచి 12 సెంటీమీటర్ల దూరంలో ఒక కిలో తీశామనుకోండి. మొదటి గేరులో ఇంజన్ 14 చుట్లకు చక్రం ఒక చుట్టు తిరిగితే, చక్రం వ్యాసార్ధం 28 సెంటీమీటర్లయితే, వేగం అందుకునేటప్పుడు అది కారులో సుమారు 36 కిలోలు దించినంత లాభం. టాప్ గేరులో 4 చుట్లకు ఒకటి అనుకుంటే, మిగిలేది 3 కిలోలే. అదే కిలోను 6 సెంటీమీటర్ల దగ్గర తీస్తే లాభం నాలుగో వంతుకు పడిపోతుంది. ఎంత తీశామన్నదాని కంటే ఎక్కడ తీశామన్నదే ముఖ్యం.

ప్రమాదమూ అక్కడే. పోత ఇనుము చక్రాన్ని అతిగా పలచన చేస్తే, ఎక్కువ వేగంలో పగిలి ముక్కలు బాంబులా లేస్తాయి. డ్రైవరు కాళ్లు దాని పక్కనే ఉంటాయి. అమెరికా డ్రాగ్ రేసుల్లో ఇలాంటి ప్రమాదాలు చూసే క్లచ్ చుట్టూ ఉక్కు కవచం తప్పనిసరి చేశారు. అందుకే రేసు ఇంజనీర్లు చెక్కుడు వదిలి వేరే దారి పట్టారు: ఉక్కు ఫ్లైవీల్, ఒక పెద్ద ప్లేటుకు బదులు రెండు చిన్న ప్లేట్లు. రాసుకునే ముఖాలు రెట్టింపవుతాయి కాబట్టి 184 మిల్లీమీటర్ల క్లచ్ కూడా గట్టిగా పట్టుకుంటుంది. బరువు కేంద్రానికి దగ్గరవుతుంది.

మనలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే కోయంబత్తూరు నాయుళ్లలో ఒకరు ఎస్. కరివర్ధన్. మారుతి 800 ఇంజన్‌తో ఫార్ములా మారుతి రేసు కారు తయారుచేసి, ఎందరో కుర్రాళ్లకు రేసింగ్ అందేలా చేశారు. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. అక్కడి కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరే.

ఇక తమ్ముడికి జవాబు. వయసులో నేనూ నా పాత ఫియట్‌కు చెక్కించాను. బాగేపల్లి రోడ్డులో గాలిలా పోయింది. నంది కొండ మలుపులో, పిల్లలు వెనక సీట్లో ఉండగా, బస్సు వెనక ఆగి కదలబోతే ఇంజన్ మూడుసార్లు ఆగింది. బండి వెనక్కి జారింది. ఆ రోజు నా భార్య ముఖం ఇప్పటికీ మరిచిపోలేదు.

రేసు కారు కొండ మీద బస్సు వెనక ఆగదు, తమ్ముడూ. మనం ఆగుతాం. ఆ బరువు అక్కడ ఊరికే పెట్టలేదు.

షోలవరం రేసులు చూసినవాళ్లు, ఆ బండ్లకు లేత్ పని చేసినవాళ్లు మీ ఇళ్లల్లో ఉంటే కింద రాయండి. గెలిచినవాళ్ల పేర్లు కప్పుల మీద ఉన్నాయి. చెక్కిన చేతుల పేర్లు మనమైనా రాసిపెడదాం.